కట్టని ఇళ్ల సొమ్ముతో లేచిన సామ్రాజ్యం: ఎవర్‌గ్రాండ్ అధిపతి హుయ్ కా యాన్ ఎదుగుదల, పతనం

క్లుప్తంగా: చైనా రియల్ ఎస్టేట్ దిగ్గజం ఎవర్‌గ్రాండ్ బ్యాంకు అప్పులు తీర్చలేక మునిగిందన్నది సగం నిజమే. 2021 జూన్ నాటికి ఆ సంస్థ మొత్తం బాకీ 1.97 లక్షల కోట్ల యువాన్లు. వడ్డీ కట్టాల్సిన అప్పు అందులో మూడో వంతు కూడా లేదు. మిగతాదంతా సిమెంటు, ఇనుము సరఫరా చేసినవాళ్లకు, కాంట్రాక్టర్లకు, ఇల్లు చేతికి రాకముందే డబ్బు కట్టిన కొనుగోలుదారులకు ఇవ్వాల్సింది. సంస్థను నిలబెట్టిన అసలు రుణదాతలు వీళ్లే. వాళ్లకు తాము అప్పిస్తున్నామన్న సంగతే తెలియదు. ఆ పద్ధతి ఎలా నడిచింది, ఎక్కడ తెగింది, తెలుగు రాష్ట్రాల్లో ఫ్లాట్ కొనేవారికి దానితో ఉన్న సంబంధం ఏమిటన్నది ఈ వ్యాసంలో.

పల్లె నుంచి గ్వాంగ్‌జౌ దాకా

హుయ్ కా యాన్ 1958లో హెనాన్ రాష్ట్రంలోని ఒక పేద పల్లెలో పుట్టాడు. చైనా ఉచ్చారణలో ఆయన పేరు షూ జియాయిన్. పసితనంలోనే తల్లి పోతే నాయనమ్మ పెంచింది. సాంస్కృతిక విప్లవం ముగిశాక, 1977లో దేశమంతటా కాలేజీ ప్రవేశ పరీక్షలు మళ్లీ మొదలయ్యాయి. ఆ మరుసటి ఏడాది ఆయనకు వూహాన్‌లోని ఉక్కు ఇంజనీరింగ్ కళాశాలలో సీటు దొరికింది. 1982లో చదువు ముగించి, సొంత రాష్ట్రంలోని ఒక ప్రభుత్వ ఉక్కు కర్మాగారంలో పదేళ్లు పనిచేశాడు. 1992లో ఆ ఉద్యోగం వదిలేసి షెన్‌జెన్ చేరాడు. సంస్కరణల ఊపు మళ్లీ అందుకున్న ఏడాది అది.

ఎవర్‌గ్రాండ్‌ను 1996లో గ్వాంగ్‌జౌలో స్థాపించాడు. మొదటి ప్రాజెక్టు జిన్‌బీ గార్డెన్‌లో చిన్న ఫ్లాట్లు, తక్కువ ధర. కట్టడం పూర్తికాకముందే అమ్మకానికి పెట్టి, వచ్చిన డబ్బుతోనే పని నడిపించాడు. తర్వాతి పాతికేళ్లలో ప్రాజెక్టుల పరిమాణం మారింది కానీ ఈ సూత్రం మారలేదు.

సంస్థ మొదటిసారి ప్రమాదం అంచుకు వెళ్లింది 2008లో. అంతకుముందు ఏడాది భూముల ధరలు పరుగెడుతున్నప్పుడు, షేర్లు అమ్మితే డబ్బు వస్తుందన్న ధీమాతో అప్పుచేసి మరీ భూములు కొన్నారు. 2008 మార్చిలో హాంకాంగ్ పబ్లిక్ ఇష్యూ ప్రయత్నం విఫలమైంది. అప్పుడు ఆదుకున్నది హాంకాంగ్ వ్యాపారవేత్త చెంగ్ యూ-తుంగ్. హుయ్ ఆయనతో పేకాట బల్ల దగ్గర పరిచయం పెంచుకున్నాడు. చెంగ్, మరికొందరు కలిసి 50 కోట్ల డాలర్లకు పైగా పెట్టారు. 2009 నవంబరులో ఎవర్‌గ్రాండ్ హాంకాంగ్ ఎక్స్ఛేంజిలో నమోదై 70 కోట్ల డాలర్లకు పైగా సేకరించింది. పీకల మీదికి వచ్చినప్పుడు కొత్త డబ్బు దొరికి గండం గడిచింది. 2020లో కూడా హుయ్ వేసుకున్న లెక్క ఇదే, కానీ ఆసారి డబ్బు పెట్టేవాడు రాలేదు.

2017 నాటికి ఫోర్బ్స్ చైనా జాబితాలో ఆయనే మొదటివాడు. సంపద 4,250 కోట్ల డాలర్లు. సంస్థ కట్టడాలు తర్వాతి ఏళ్లలో 280కి పైగా నగరాలకు విస్తరించాయి. 2010లో కొన్న గ్వాంగ్‌జౌ ఫుట్‌బాల్ క్లబ్ 2013లో, 2015లో ఆసియా ఛాంపియన్ అయింది. చైనా ప్రజా రాజకీయ సంప్రదింపుల సభలో హుయ్ స్థాయీ సంఘ సభ్యుడు కూడా.

యంత్రం ఎలా తిరిగింది

చైనాలో నగర భూమి ప్రభుత్వానిది. స్థానిక ప్రభుత్వాలు నివాస భూమి వాడుక హక్కును 70 ఏళ్లకు వేలం వేసి ఆదాయం తెచ్చుకుంటాయి. 2020లో ఇలా వచ్చిన మొత్తం 8.4 లక్షల కోట్ల యువాన్లు. కాబట్టి భూమి ధర పెరగడం, బిల్డర్లు పోటీపడి వేలం పాడటం నగర పాలకులకూ కావలసిందే. ఎక్కువ భూమి కొనే సంస్థ ఎంత అప్పు చేస్తోందని నిలదీసే తొందర ఏ నగరానికీ ఉండదు.

రెండో అంశం ముందస్తు అమ్మకం. ప్రాజెక్టు పెట్టుబడిలో కనీసం 25 శాతం ఖర్చుపెట్టి, పూర్తయ్యే తేదీ ప్రకటిస్తే అమ్మకాల అనుమతి వస్తుంది. కొన్నవాడు డౌన్ పేమెంట్ కడతాడు. మిగతాది గృహరుణం. మన దగ్గర చాలా బ్యాంకులు స్లాబు స్లాబుకీ విడతలుగా రుణం విడుదల చేస్తాయి. చైనాలో కొనుగోలు ఒప్పందం నమోదు కాగానే రుణం మొత్తం బిల్డర్ వైపు వెళ్లిపోవడం మామూలు. ఇల్లు లేవకముందే ఈఎంఐ మొదలవుతుంది. ఈ డబ్బు పర్యవేక్షణ ఖాతాలో ఉండాలని, పని జరిగిన మేరకే తీయాలని నిబంధనలున్నాయి. వాటిని అమలు చేయాల్సింది మాత్రం ఆ భూమి అమ్మి సొమ్ము చేసుకున్న నగర పాలన విభాగాలే. కొన్నిచోట్ల మొత్తం డబ్బు ఆ ఖాతాలోకే రాలేదు, కొన్నిచోట్ల పని జరగకుండానే బయటికి పోయింది.

డబ్బు తిరిగే తీరును ఒక ఊహాత్మక ప్రాజెక్టుతో చూద్దాం. భూమి ఖరీదు 100 కోట్లు అనుకుందాం. సొంత డబ్బు 30 కోట్లు, మిగతా 70 కోట్లు ట్రస్టు కంపెనీ (బ్యాంకు కాని రుణ సంస్థ) దగ్గర రెండంకెల వడ్డీకి తెచ్చిన అప్పు. ఆరు నుంచి ఎనిమిది నెలల్లో పునాదులు పూర్తిచేసి అమ్మకాలు తెరుస్తారు. ఫ్లాట్లన్నీ అమ్మితే 250 కోట్లు. నిర్మాణానికి ఇంకా 90 కోట్లు కావాలి. పద్ధతిగా నడిచే సంస్థ ఆ 90 కోట్లు పక్కన పెట్టి, అప్పు తీర్చి, మిగిలినది చూసుకుంటుంది. ఎవర్‌గ్రాండ్ తరహా నడకలో ముందు ట్రస్టు అప్పు తీరుతుంది, తర్వాత మరో రెండు ఊళ్లలో భూములకు బయానా పడుతుంది. కాంట్రాక్టరు చేతిలో నగదుకు బదులు, ఏడాది తర్వాత చెల్లిస్తామన్న హామీ బిల్లు పెడతారు. ఆ గడువు వచ్చేసరికి కొత్త ఊళ్లలో అమ్మకాలు మొదలవుతాయి, వాటి డబ్బుతో ఈ బిల్లు తీరుతుంది. ఈ ఏడాది కట్టాల్సిన ఇంటి ఖర్చు వచ్చే ఏడాది అమ్మబోయే ఇంటి మీద ఆధారపడి ఉంటుందన్నమాట.

ఈ ఏర్పాటుకు లాభం ఒక్కటే చాలదు. అమ్మకాలు ప్రతి ఏడాదీ పెరుగుతూనే ఉండాలి. తగ్గకుండా నిలకడగా ఉన్నా ఇబ్బందే, ఎందుకంటే పాత అప్పుల మీద వడ్డీ, కొత్త భూముల ధర రెండూ పెరుగుతుంటాయి. అందుకే ఎవర్‌గ్రాండ్ డిజైన్లన్నీ ఒకే మూసలో చేసింది. సామగ్రి కేంద్రీకృతంగా కొంది. ఫ్లాట్లను లోపలి పనులతో సహా అమ్మింది. 2015లో, కారణం చెప్పకుండానే బుకింగ్ రద్దు చేసుకోవచ్చని కూడా ప్రకటించింది. చిన్న నగరాల్లో పాతబస్తీలు కూల్చి జనానికి నగదు పరిహారం ఇచ్చిన ప్రభుత్వ పథకం 2015 నుంచి 2018 దాకా కొనుగోళ్లను ఎగదోసింది. ఆ గాలి ఎవర్‌గ్రాండ్‌కు బాగా కలిసొచ్చింది. అది ఆగాక అవే చిన్న నగరాల్లోని భూములు గుదిబండలయ్యాయి.

కంటికి కనిపించని అప్పులు

హుయ్ నైపుణ్యం ఇళ్లు కట్టడం కంటే అప్పుకు పేర్లు మార్చడంలో ఎక్కువ కనిపిస్తుంది.

మొదటిది శాశ్వత బాండ్లు. వీటికి తిరిగి చెల్లించే గడువు ఉండదు కాబట్టి పద్దుల్లో అప్పుగా కాక మూలధనంగా చూపించవచ్చు. అయితే రెండు మూడేళ్లు దాటితే వడ్డీ బాగా పెరిగేలా షరతులుంటాయి. తీర్చక తప్పని అప్పే, పద్దులో మాత్రం అప్పు కాదు. 2016 చివరికి ఎవర్‌గ్రాండ్ పుస్తకాల్లో ఇవి 11,290 కోట్ల యువాన్లు. 2017 తొలి ఆర్నెల్లలో వాటిని తీర్చేసింది. దానికి డబ్బు సమకూర్చిన వాటిలో ప్రధానమైనది రెండోది.

అదే వ్యూహాత్మక పెట్టుబడి. చైనాలోని ప్రధాన అనుబంధ సంస్థ హెంగ్డాను షెన్‌జెన్ ఎక్స్ఛేంజిలో నమోదు చేస్తామని చెప్పి 13,000 కోట్ల యువాన్లు సేకరించారు. 2021 జనవరి చివరిలోగా నమోదు కాకపోతే డబ్బు వెనక్కి ఇవ్వాలి. గడువున్న ఇలాంటి మూలధనాన్ని అప్పుగానే లెక్కించాలి.

మూడోది వాణిజ్య హామీ బిల్లులు, అన్నిటికంటే ఎక్కువ మందిని ముంచినవి ఇవే. సరఫరాదారుకు నగదుకు బదులు, ఫలానా తేదీన చెల్లిస్తామని సంస్థ రాసిచ్చే కాగితమిది. బ్యాంకు గ్యారంటీ ఉండదు. అవసరపడ్డ సరఫరాదారు దాన్ని మార్కెట్లో తక్కువ ధరకు అమ్ముకుంటాడు. సంస్థ మీద నమ్మకం తగ్గేకొద్దీ ఆ కోత పెరుగుతుంది. వడ్డీ భారం చిన్న కాంట్రాక్టరు మీద పడుతుంది, పెద్ద సంస్థ పద్దులో 'వడ్డీ లేని బాకీ' అని నమోదవుతుంది.

నాలుగోది పొదుపు పథకాల పేరుతో నేరుగా జనం దగ్గర తీసుకున్న డబ్బు. ఎవర్‌గ్రాండ్ ఆర్థిక విభాగం ఏడాదికి 7 శాతం పైచిలుకు వడ్డీ ఆశచూపి ఇళ్లు కొన్నవారికి, వారి బంధువులకు, సొంత ఉద్యోగులకు వీటిని అమ్మింది. సుమారు 4,000 కోట్ల యువాన్లు ఇలా ఇరుక్కున్నాయి. 2021 సెప్టెంబరులో షెన్‌జెన్ ప్రధాన కార్యాలయం లాబీలో జనం బైఠాయించింది ఈ డబ్బు కోసమే. సంస్థ వాళ్ల ముందు మూడు దారులు పెట్టింది: ఏళ్ల తరబడి వాయిదాల్లో నగదు, రాయితీ ధరకు ఫ్లాటో పార్కింగ్ స్థలమో, లేదంటే కొన్న ఇంటి బాకీలో సర్దుబాటు. ఈ లోపు ఆరుగురు అధికారులు గడువుకు ముందే తమ పెట్టుబడులు వెనక్కి తీసుకున్నట్టు సంస్థే ఒప్పుకుంది.

విదేశీ బాండ్ల దగ్గరికి వస్తే ఒక్క ఉదాహరణ చాలు. 2018 నవంబరులో ఎవర్‌గ్రాండ్ 11 నుంచి 13.75 శాతం వడ్డీకి 180 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మింది. వాటిలో 100 కోట్ల డాలర్లవి హుయ్ స్వయంగా కొన్నాడు. బయటివాళ్లు ముందుకు రాకపోతే యజమానే కొని ఇష్యూను నిలబెట్టాల్సి వచ్చిందంటే, అప్పటికే మార్కెట్ ఏమనుకుంటోందో తెలుస్తుంది. అదే కాలంలో ఏటా భారీ డివిడెండ్లు కూడా ప్రకటించారు. 70 శాతానికి పైగా వాటా హుయ్ దంపతులదే కాబట్టి ఆ డబ్బులో సింహభాగం వాళ్లకే చేరింది.

ముందే చెప్పినవాడికి శిక్ష

2012 జూన్‌లో అమెరికన్ షార్ట్ సెల్లర్ (షేరు ధర పడితే లాభపడేలా పందెం కాసేవాడు) ఆండ్రూ లెఫ్ట్ ఒక నివేదిక విడుదల చేశాడు. ఎవర్‌గ్రాండ్ నిజానికి దివాలా తీసిందని, పద్దులు తప్పుడువని ఆరోపించాడు. షేరు ఒక్కరోజులో పదిశాతానికి పైగా పడింది. హాంకాంగ్ నియంత్రణ సంస్థ విచారణ జరిపింది అతని మీదే. తప్పుదోవ పట్టించే సమాచారం ప్రచురించాడని 2016లో ట్రిబ్యునల్ తేల్చి, ఐదేళ్లపాటు హాంకాంగ్ మార్కెట్ నుంచి నిషేధించింది. ఆయన వాదనలన్నీ అప్పటి ఆధారాలకు నిలిచాయా లేదా అన్నది వేరే చర్చ. ఆ తీర్పు తర్వాత మాత్రం ఎవర్‌గ్రాండ్ లెక్కల్ని బహిరంగంగా ప్రశ్నించడం ఖరీదైన పని అయిపోయింది. ఆ నష్టం మదుపరులదే.

మూడు ఎర్రగీతలు, వాటిని దాటిన తీరు

2020 ఆగస్టులో చైనా కేంద్ర బ్యాంకు, గృహనిర్మాణ శాఖ పెద్ద బిల్డర్లను బీజింగ్ పిలిచి మూడు హద్దులు చెప్పాయి. కొనుగోలుదారుల అడ్వాన్సులు మినహాయించాక ఆస్తుల్లో బాకీలు 70 శాతం దాటకూడదు. నికర అప్పు, అంటే చేతిలో నగదు తీసేశాక మిగిలే అప్పు, మూలధనాన్ని మించకూడదు. చేతిలో నగదు స్వల్పకాలిక అప్పుకు తగ్గకూడదు. మూడూ దాటిన సంస్థ కొత్తగా అప్పు పెంచుకోవడానికి వీల్లేదు. ఒక్కటీ దాటనిది ఏడాదికి 15 శాతం వరకు పెంచుకోవచ్చు. ఎవర్‌గ్రాండ్ మూడూ దాటింది.

సెప్టెంబరులో దేశవ్యాప్తంగా అన్ని ఇళ్ల మీదా 30 శాతం తగ్గింపు ప్రకటించారు. నెల తిరక్కముందే, హెంగ్డా నమోదు ప్రణాళిక కుదరకపోతే కూలిపోతామని ఎవర్‌గ్రాండ్ గ్వాంగ్‌డాంగ్ రాష్ట్ర ప్రభుత్వాన్ని హెచ్చరించినట్టున్న లేఖ ఒకటి బయటపడింది. అది కల్పితమని సంస్థ ఖండించింది. 13,000 కోట్ల యువాన్ల పెట్టుబడిదారుల్లో 8,630 కోట్లవాళ్లు డబ్బు వెనక్కి అడగబోమని ఒప్పుకున్నారు. నమోదు ప్రణాళిక నవంబరులో రద్దయింది.

ఆ తర్వాతి ఆర్నెల్ల అంకెలు ఈ కథ మొత్తానికీ కీలకం. 2020 డిసెంబరులో వడ్డీ అప్పు 71,650 కోట్ల యువాన్లు. 2021 జూన్‌కి అది 57,180 కోట్లకు తగ్గింది. ఒక ఎర్రగీత లోపలికి వచ్చేశామని సంస్థ సంబరంగా ప్రకటించింది కూడా. అదే ఆర్నెల్లలో సరఫరాదారులకూ ఇతరులకూ ఇవ్వాల్సిన బాకీ 82,900 కోట్ల నుంచి 95,110 కోట్లకు పెరిగింది. మొత్తం బాకీ తగ్గకపోగా కాస్త పెరిగింది. నికర అప్పు హద్దు వడ్డీ అప్పునే కొలిచింది కాబట్టి భారాన్ని వడ్డీ లేని గడిలోకి, అంటే కాంట్రాక్టర్ల నెత్తి మీదికి నెట్టేశారు. బ్యాంకులు తమ డబ్బు లాక్కోగలిగాయి. రంగులు, కిటికీలు, లిఫ్టులు వేసినవాళ్లు లాక్కోలేకపోయారు. డబ్బు రాక వాళ్లు పని ఆపారు. పని ఆగిందని తెలిసి కొత్త కొనుగోలుదారులు వెనక్కి తగ్గారు. కొత్త అమ్మకాలు లేకపోతే పాత ఇళ్లు లేవవు. యంత్రం ఆగిపోయింది.

2021 సెప్టెంబరు 23న డాలర్ బాండ్ల మీద 8.35 కోట్ల డాలర్ల వడ్డీ గడువుకు కట్టలేదు. డిసెంబరు 9న రేటింగ్ సంస్థ ఫిచ్ దీన్ని ఎగవేతగా ప్రకటించింది. నెలాఖరులో హైనాన్‌లోని కృత్రిమ దీవి ప్రాజెక్టులో అక్రమ అనుమతులతో కట్టారని 39 భవనాలను పదిరోజుల్లో కూల్చేయాలని డాన్‌జౌ నగర పాలన ఆదేశించింది. 2022 మార్చిలో మరో గుట్టు బయటపడింది. అపార్ట్‌మెంట్ల నిర్వహణ చూసే అనుబంధ సంస్థ డిపాజిట్లలో 1,340 కోట్ల యువాన్లను ఇతరుల రుణాలకు తాకట్టు పెట్టారు. ఆ రుణాలు తిరిగి మాతృసంస్థకే చేరాయి. బ్యాంకులు ఆ డిపాజిట్లు జప్తు చేసుకున్నాయి. సీఈఓ, ఆర్థికాధికారి ఇద్దరూ జులైలో దిగిపోయారు.

విద్యుత్ కార్ల కథ ఇక్కడ రెండు ముక్కల్లో చెప్పుకుంటే సరిపోతుంది. 2021 వసంతంలో, ఒక్క కారూ అమ్మకముందే ఎవర్‌గ్రాండ్ కార్ల సంస్థ మార్కెట్ విలువ ఫోర్డ్‌ను దాటింది. 2025 కల్లా ఏటా పదిలక్షల కార్లన్నారు. నిజంగా జనం చేతికి వెళ్లినవి వెయ్యి దాటి కొన్ని వందలు.

పద్దుల మోసం ఏ రూపంలో జరిగింది

బిల్డర్ తీసుకున్న అడ్వాన్సు ఆదాయం కాదు, అది బాకీ. ఇల్లు అప్పగించిన రోజున ఆ బాకీ ఆదాయంగా మారుతుంది. ఎవర్‌గ్రాండ్ మోసమంతా ఈ మారే తేదీలో ఉంది. పూర్తికాని ఇళ్లను అప్పగించినట్టు చూపి ఆదాయం ముందే రాసుకున్నారు. 2024 మార్చిలో చైనా సెక్యూరిటీల నియంత్రణ సంస్థ తేల్చిన ప్రకారం హెంగ్డా 2019 ఆదాయంలో 21,399 కోట్ల యువాన్లు, 2020 ఆదాయంలో 35,016 కోట్లు ఇలా ఉబ్బించినవే. శాతాల్లో చెప్పాలంటే 2019లో ఆదాయంలో సగం, 2020లో 78 శాతానికి పైగా. ఈ తప్పుడు లెక్కలు చూపించి 2,080 కోట్ల యువాన్ల బాండ్లు అమ్మారు.

దీని ప్రభావం రెండు వైపులా ఉంటుంది. ఆదాయం, లాభం పెరిగి డివిడెండ్ పంచడానికి వీలు కలుగుతుంది. అదే సమయంలో కొనుగోలుదారులకు ఇవ్వాల్సిన బాకీ పుస్తకంలోంచి మాయమవుతుంది. 2021 జూన్ లెక్కల్లో ఈ అడ్వాన్సుల బాకీ 21,580 కోట్ల యువాన్లే. ఆదాయం గుర్తించే పద్ధతి సరిదిద్దాక 2021 డిసెంబరు లెక్కల్లో అది 97,430 కోట్లుగా తేలింది. ఆ తేడాలో ఎక్కువ భాగం జనం డబ్బు కట్టినా పూర్తికాని ఇళ్లదే.

14 ఏళ్లు ఆడిట్ చేసిన పీడబ్ల్యూసీ చైనా విభాగం మీద 2024 సెప్టెంబరులో మొత్తం 44.1 కోట్ల యువాన్ల భారం, ఆరు నెలల నిషేధం పడ్డాయి. క్షేత్ర పరిశీలన పత్రాల్లో 88 శాతం వాస్తవానికి సరిపోలేదని నియంత్రణ సంస్థ చెప్పింది. అప్పగింతకు సిద్ధమని రాసుకున్న చోట్ల కొన్ని ఇంకా ఖాళీ నేలే. హెంగ్డాకు జరిమానా 417.5 కోట్ల యువాన్లు. హుయ్‌కి 4.7 కోట్లు, సెక్యూరిటీల మార్కెట్ నుంచి జీవితకాల నిషేధం. అంతకు ముందే, 2023 సెప్టెంబరు 28న, చట్టవిరుద్ధ చర్యల అనుమానంతో ఆయనపై నిర్బంధ చర్యలు తీసుకున్నట్టు సంస్థ ప్రకటించింది.

ఎవరికి ముందు, ఎవరికి చివర

2024 జనవరి 29న హాంకాంగ్ హైకోర్టు న్యాయమూర్తి లిండా చాన్ ఎవర్‌గ్రాండ్ మూసివేతకు ఆదేశించారు. లిక్విడేటర్ల (ఆస్తులు అమ్మి బాకీదారులకు పంచేందుకు కోర్టు నియమించినవాళ్లు) ముందుకు వచ్చిన క్లెయిములు సుమారు 4,500 కోట్ల డాలర్లు. 2025 జులై నాటికి వాళ్లు అమ్మి నగదు చేయగలిగింది 25.5 కోట్ల డాలర్లు. ఆగస్టులో షేరు ఎక్స్ఛేంజి నుంచి తొలగిపోయింది.

రాబడి ఇంత తక్కువ కావడానికి కారణం సంస్థ నిర్మాణంలో ఉంది. విదేశీ మదుపరులు డబ్బిచ్చింది కేమన్ దీవుల్లో నమోదైన మాతృసంస్థకు, దాని అనుబంధ సంస్థలకు. భూములు, ఫ్లాట్లు మాత్రం చైనాలోని వందలాది ప్రాజెక్టు కంపెనీల పేరు మీద ఉన్నాయి. ప్రతి ప్రాజెక్టు కంపెనీ ముందు తన స్థానిక బ్యాంకుకు, కాంట్రాక్టర్లకు, కొనుగోలుదారులకు చెల్లించాలి. ఏమైనా మిగిలితేనే పైకి వస్తుంది. హాంకాంగ్ కోర్టు ఆదేశం చైనా లోపల అన్ని నగరాల్లోనూ చెల్లుతుందన్న హామీ కూడా లేదు. అందుకే లిక్విడేటర్లు ఇప్పుడు మనుషుల వెంటపడ్డారు. హుయ్, ఆయన మాజీ భార్య, మాజీ సీఈఓ సహా ఏడుగురు ప్రతివాదుల నుంచి డివిడెండ్లు, జీతాలుగా వెళ్లిన సుమారు 600 కోట్ల డాలర్లు రాబట్టాలని దావా వేశారు. 2025 సెప్టెంబరులో హాంకాంగ్ కోర్టు హుయ్ ఆస్తులను తమ అధీనంలో ఉంచుకునే రిసీవర్లను నియమించింది.

చైనా ప్రభుత్వం బాండ్ల కంటే ముందు ఇళ్లు అప్పగించడానికే మొగ్గింది. 2022 వేసవిలో జియాంగ్సీ రాష్ట్రం జింగ్‌డెజెన్‌లో ఎవర్‌గ్రాండ్ ప్రాజెక్టు కొనుగోలుదారులు పని మొదలుపెట్టకపోతే ఈఎంఐలు కట్టబోమని లేఖ రాశారు. వారాల్లో ఆ పట్టుదల పదుల నగరాలకు పాకింది. బ్యాంకులకే ముప్పు వస్తుందని గ్రహించి, ఆగిన ఇళ్లు పూర్తిచేయడానికి ప్రత్యేక రుణాలు తెరిచారు. సంఘటితంగా నిలబడిన కొనుగోలుదారులే తమ వంతును ముందుకు తెచ్చుకున్నారు.

హైదరాబాద్, విజయవాడ కొనుగోలుదారుకు సంబంధం

ఎవర్‌గ్రాండ్ మన దగ్గర ఒక్క ఇల్లూ కట్టలేదు. దాన్ని నడిపిన యంత్రం మాత్రం ఇక్కడా ఉంది, 'ప్రీ లాంచ్' పేరుతో. స్థానిక సంస్థ అనుమతి, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు రెండూ లేకముందే, మార్కెట్ ధరకు బాగా తక్కువని చెప్పి మొత్తం డబ్బు ఒకేసారి కట్టించుకుంటారు. బదులుగా భూమిలో అవిభాజ్య వాటా, అంటే యూడీఎస్ రాసిస్తారు, లేదా ఒప్పంద పత్రం చేతిలో పెడతారు. ఆ డబ్బు ఏ ఖాతాలో ఉండాలన్న కట్టుబాటు లేదు కాబట్టి మరో చోట భూమి బయానాకు పోతుంది. అనుమతి ఆలస్యమైనా, భూమి వివాదంలో పడ్డా, తర్వాతి ప్రాజెక్టు అమ్ముడుపోకపోయినా మొదటిది ఆగుతుంది.

2016 నాటి రెరా చట్టం సరిగ్గా ఈ రంధ్రాలనే పూడ్చడానికి వచ్చింది. 500 చదరపు మీటర్లు లేదా 8 యూనిట్లు దాటిన ప్రాజెక్టుకు నమోదు లేకుండా ప్రకటన, అమ్మకం రెండూ నిషిద్ధం. రిజిస్టర్డ్ అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొనుగోలుదారుల నుంచి వచ్చిన దానిలో 70 శాతం ఆ ప్రాజెక్టు ప్రత్యేక ఖాతాలోనే ఉండాలి. ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంట్ ముగ్గురూ ధ్రువీకరించిన మేరకే తీయాలి. నమోదు చేయకుండా అమ్మితే ప్రాజెక్టు వ్యయంలో 10 శాతం వరకు జరిమానా. చైనాలో పర్యవేక్షణ నగర పాలన చేతిలో ఉంటే, ఇక్కడ భూమి ఆదాయంతో సంబంధం లేని విడి సంస్థ చేతిలో ఉంది. ఈ తేడా చిన్నది కాదు.

బలహీనతలు ఇక్కడా ఉన్నాయి. ముగ్గురు ధ్రువీకర్తలకూ ఫీజు ఇచ్చేది బిల్డరే. ఆ 70 శాతం ఖాతా భూమి ఖర్చుకూ వాడుకోవచ్చు కాబట్టి, భూమి ధర ఎక్కువ చూపితే నిర్మాణానికి మిగిలేది తగ్గుతుంది. మూడు నెలలకోసారి రెరా వెబ్‌సైట్‌లో పెట్టాల్సిన పురోగతి వివరాలు ఆగిపోతే, అది తొలి ప్రమాద సూచన. రెండోది, సైట్‌లో కూలీల సంఖ్య తగ్గడం, సెంట్రింగ్ పని ఒకే అంతస్తు దగ్గర నెలల తరబడి నిలిచిపోవడం. మూడోది, పాత ప్రాజెక్టు పూర్తికాకుండానే అదే సంస్థ ఇంకో మూడు చోట్ల హోర్డింగులు పెట్టడం. ఇవన్నీ పద్దులు చదవడం రానివాళ్లూ చూడగలిగినవే.

ఆలస్యమైతే రెరా సెక్షన్ 18 కింద వడ్డీతో సహా డబ్బు వాపసు అడిగే హక్కుంది. బిల్డర్ చెల్లించకపోతే ఆ మొత్తాన్ని భూమి శిస్తు బకాయిలా జిల్లా యంత్రాంగం వసూలు చేయాలి. ఆ దశలో బిల్డర్ పేరు మీద అమ్మదగ్గ ఆస్తి ఏమీ లేకపోతే ఆదేశం కాగితం మీదే ఉంటుంది. 2018 నుంచి ఇళ్ల కొనుగోలుదారులకు దివాలా చట్టం కింద బ్యాంకుల్లాగే ఆర్థిక రుణదాతల హోదా కూడా ఉంది. నోయిడాలో ఆమ్రపాలి గ్రూపు వేలాది ఫ్లాట్ల డబ్బు దారి మళ్లించినట్టు తేలాక, 2019 జులైలో సుప్రీంకోర్టు ఆ సంస్థ రెరా నమోదు రద్దుచేసి, మిగిలిన నిర్మాణాన్ని ప్రభుత్వ రంగ నిర్మాణ సంస్థ ఎన్‌బీసీసీకి అప్పగించింది. అక్కడ కొనుగోలుదారులు ఇంటి కోసం ఏళ్లు ఎదురుచూడటమే కాక, ఒప్పందం ప్రకారం తాము ఇంకా బాకీ ఉన్న వాయిదాలను కోర్టు సూచించిన ఖాతాలో జమ చేయాల్సి వచ్చింది.